మూడేళ్లుగా నడుము, తుంటి నొప్పి. డిస్క్ ఆపరేషన్ అంటున్నారు, అసలు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

తెనాలి_కుర్రోడు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. వయసు 31, సాఫ్ట్‌వేర్, సొంతూరు తెనాలి, ఉండేది మియాపూర్. నడుం కింద భాగంలో నొప్పి మొదలై మూడేళ్లు దాటింది, ఫలానా రోజు మొదలైందని చెప్పలేను, బరువు ఎత్తింది లేదు పడింది లేదు, మెల్లగా పట్టుకుంది. మొదట్లో కుడి పిరుదు లోపల ఎక్కడో లోతుగా ఉండేది, కొన్నాళ్లకి అది తగ్గి ఎడమ వైపుకి వచ్చింది, ఇప్పుడు తుంటి దగ్గర కూడా లాగుతోంది. ఎముకల డాక్టర్ ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఉబ్బడం), ఎల్5-ఎస్1 దగ్గర చిన్న ప్రొట్రూజన్ (ఆ మెత్త ఒకచోట బయటికి పొడుచుకు రావడం) అని రాశారు. బెల్ట్ ఇచ్చారు, ట్రాక్షన్ (నడుముని బరువుతో లాగి ఉంచడం) పెట్టారు, నరాల బలానికని విటమిన్ బిళ్లలు, నరాల నొప్పికని గాబాపెంటిన్ కూడా వాడాను, ఏం తేడా లేదు. ఇంకో పెద్దాసుపత్రికి వెళ్తే డిస్క్ ఆపరేషన్ చేయించుకో, ఆలస్యం చేస్తే కాలు పడిపోవచ్చు అన్నారు. అది విన్నప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు, సంబంధాలు చూస్తున్న టైంలో ఇదేంటని నాన్న గొడవ. ఎవరికైనా ఇలా ఉండి తగ్గిందా? ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా?

సుబ్బు_భీమవరం

ఆపరేషన్ జోలికి మాత్రం పోవద్దు బ్రో. మా బాబాయి చేయించుకుని ఇప్పటికీ వంగలేడు. వెన్నుపూస మీద చెయ్యి పడితే అంతే.

రిటైర్డ్_మాస్టారు (ఒంగోలు)

బాబూ, కూర్చుని చేసే ఉద్యోగాలకి ఇది మామూలే. మహానారాయణ తైలం గోరువెచ్చగా చేసి నడుముకి పట్టించి, వేడినీళ్ల స్నానం చెయ్యి. నేల మీద చాప వేసుకుని పడుకో. మా కాలంలో ఈ ఎమ్మారైలు ఎక్కడివి, అయినా అందరం నడిచాం. మా ఊరి పక్కన ఒకాయన పొడి ఇస్తాడు, వారంలో నొప్పి మాయం, కావాలంటే అడ్రస్ చెప్తాను.

కవిత_ఎన్ (విశాఖ)

సుబ్బు గారూ, అందరికీ ఒకటే మాట చెప్పకండి ప్లీజ్. నాకు డిస్క్ జారి ఎడమ కాలి బొటనవేలు పైకి లేవడం మానేసింది, నడుస్తుంటే పాదం నేలకి రాసుకునేది, చెప్పు ఊడిపోయేది. నడుం నొప్పి కన్నా కాలి నొప్పే ఎక్కువ, పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంట్ షాక్ కొట్టినట్టు. తుమ్మినా దగ్గినా ప్రాణం పోయేది. నాకు మైక్రోడిస్కెక్టమీ, అంటే చిన్న కోతతో జారిన డిస్క్ ముక్క తీసేసే ఆపరేషన్ చేశారు, మూడో రోజు ఇంటికి పంపారు, కాలి నొప్పి ఆపరేషన్ బల్ల మీదే పోయింది అనుకోండి. వేలు కదలడానికి నెలలు పట్టింది అది వేరే సంగతి. కానీ తెనాలి తమ్ముడు రాసినదాంట్లో కాలు ఊసే లేదు, పిరుదు తుంటి అంటున్నాడు. కాలికి తిమ్మిరి ఉందా లేదా ముందు అది చెప్పు తమ్ముడూ.

ఫిజియో_బెజవాడ

కవిత గారు సరిగ్గా అడిగారు. నేను ఫిజియోథెరపిస్టుని, ఇక్కడ ఎవరికీ వైద్యం చెప్పను, కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏం గమనించుకోవాలో చెప్తాను, ఎందుకంటే మన దగ్గర ఓపీలో రెండు నిమిషాలే దొరుకుతాయి, ఆ రెండు నిమిషాల్లో మనం "నడుం నొప్పండీ" అంటాం ఆయన "ఎమ్మారై తీయించు" అంటాడు.

తెనాలి గారూ వీటికి జవాబు రాయండి. నొప్పి ఎక్కడో ఒక్క వేలుతో చూపించమంటే ఎక్కడ పెడతారు, నడుం మధ్యలోనా, పిరుదు పైన గుంట దగ్గరా, తుంటి బయటి ఎముక మీదా, గజ్జలోనా? మోకాలు దాటి కిందకి వెళ్తుందా? పడుకుంటే తగ్గుతుందా, తిరిగితే తగ్గుతుందా? రాత్రి నిద్రలోంచి లేపుతుందా, లేపితే ఎన్ని గంటలకి? పొద్దున లేచాక బిగుసుకుపోయి ఉంటే ఎంతసేపటికి వదులవుతుంది? బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా?

ఇంకో మాట ఎమ్మారై గురించి. ఏ నొప్పీ లేని మనుషులకి ఎమ్మారై, సీటీ స్కాన్లు తీసిన అధ్యయనాల్ని కలిపి 2015లో ఒక సమీక్ష వేశారు, మొత్తం 3110 మంది. ఇరవై ఏళ్ల వాళ్లలో 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి ఉంది. వీళ్లెవరికీ నొప్పి లేదు. కాబట్టి రిపోర్ట్‌లో బల్జ్ అని రాసి ఉన్నంత మాత్రాన మీ నొప్పికి అదే కారణం అని ఎవరూ తేల్చలేరు. రిపోర్ట్, మీరు చెప్పే లక్షణాలు, చేత్తో చేసిన పరీక్ష మూడూ ఒకే చోటుకి రావాలి.

తెనాలి_కుర్రోడు

థాంక్స్ అండీ, ఇన్ని ప్రశ్నలు నన్ను ఏ డాక్టరూ అడగలేదు. వేలు పెట్టమంటే పిరుదు పైన గుంటలు ఉంటాయే అక్కడ, ఒకసారి ఈ పక్క ఒకసారి ఆ పక్క. మోకాలు దాటదు, తిమ్మిరి లేదు. పడుకుంటే తగ్గదు అసలు అదే గోల, తెల్లవారుజామున మూడున్నర నాలుగుకి మెలకువ వస్తుంది, పక్కకి తిరగాలంటే మంచం పట్టుకుని తిరగాలి, లేచి హాల్లో అటూ ఇటూ నడిస్తే కాస్త నయం. పొద్దున బూట్లకి లేసు కట్టుకోవడం కష్టం, గంట గంటన్నరకి వదులవుతుంది, మధ్యాహ్నానికి మామూలు మనిషిని. ఆదివారం రెస్ట్ తీసుకుందామని పడుకుంటే సోమవారం ఇంకా ఎక్కువ. వాకింగ్, బ్యాడ్మింటన్ ఆడిన రోజు బాగుంటుంది, కానీ డాక్టర్ బెడ్ రెస్ట్ అన్నారని బ్యాడ్మింటన్ మానేశాను.

ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన ఏడాది జ్ఞానదంతం పీకించుకున్నప్పుడు పంటి డాక్టర్ ఐదు రోజులకి నొప్పి బిళ్లలు రాశారు, ఆ ఐదు రోజులూ నడుం నొప్పి లేదు!! బిళ్లలు ఆగాక మళ్లీ వచ్చేసింది. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

వెన్ను_నిటారు (వరంగల్)

అన్నా నీ పోస్ట్ చదువుతుంటే నాది నేను చదువుకున్నట్టే ఉంది. నాకు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, ఇప్పుడు యాక్సియల్ స్పాండిలో ఆర్థరైటిస్ అని కూడా అంటున్నరు, ఎక్స్‌రేల కనిపించే దాకా ముదిరితే మొదటి పేరు, అంతకుముందుది కూడా కలిపి రెండో పేరు. ఇది అరుగుదల కాదు, వాతం జాతి జబ్బు. మన ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే వ్యవస్థే తిరిగి మన కీళ్ల మీద పడ్తది, వెన్నుకి, కటి ఎముకకి మధ్య ఉండే సాక్రోఇలియాక్ కీలు దగ్గర వాపు వస్తది, నువ్వు వేలు పెట్టిన చోటు అదే. నలభై ఐదేళ్ల లోపు మొదలయితది, మెల్లగ వస్తది, మూడు నెలలు దాటినా పోదు, రెస్ట్ తీసుకుంటే ఎక్కువ, కదిలితే తక్కువ, రాత్రి రెండో సగంల లేపుతది, ఒకసారి ఈ పిరుదు ఒకసారి ఆ పిరుదు, నొప్పి బిళ్లకి ఒకటి రెండు రోజుల్ల మస్తు తగ్గుతది. నువ్వు అన్నీ టిక్కు కొట్టినవ్.

ఎముకల డాక్టర్ కాదు అన్నా, రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం డాక్టర్ కాడికి పో. హైదరాబాద్‌ల నిమ్స్‌లనే రుమటాలజీ విభాగం ఉంది, పొద్దుగాల పోయి ఓపీ చీటీ తీస్కో, లైన్ ఉంటది కానీ ఓపిక పట్టు. జెర ఇవి కూడా చెప్పు: ఎప్పుడన్న ఒక కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయినవా? మడమ ఎనక నొప్పి? సోరియాసిస్? పేగు సమస్యలు? ఇంట్ల ఎవరికన్నా నడుం వంగిపోయిందా?

తెనాలి_కుర్రోడు

కన్ను!!! రెండేళ్ల కిందట ఎడమ కన్ను ఎర్రబడి లైటు చూస్తే పొడిచినట్టు ఉండేది, కళ్లకలక అనుకుని మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకున్నా, తగ్గక కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే లోపల వాపు, యువైటిస్ అని స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు. దానికీ నడుముకీ సంబంధం అని ఎవరు అనుకుంటారు అన్నా? మా మేనమామ ఒకాయన వంగిపోయి ఉంటాడు, పొలం పని వల్ల అంటారు ఇంట్లో.

వెన్ను_నిటారు

ఇగ ఆలస్యం చెయ్యకు.

డల్లాస్_పద్మ

నేను కూడా రాస్తాను. ఇక్కడ అమెరికాలో కథ ఇంకో రకం, మామూలు నడుం నొప్పికి ముందు కొన్ని వారాలు ఫిజికల్ థెరపీ చేస్తే గానీ చాలా ఇన్సూరెన్సులు ఎమ్మారైకి ఒప్పుకోవు. మొదట్లో తిట్టుకున్నాను కానీ నాకు ఆ థెరపీతోనే తగ్గింది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ల మార్గదర్శకాల్లో కూడా దీర్ఘకాలం నొప్పికి ముందు మందులు లేని పద్ధతులే, వ్యాయామం, యోగా లాంటివి, అవి చాలకపోతే అప్పుడు మందులు. కానీ తమ్ముడిది మామూలు నొప్పి కాదనిపిస్తోంది, నాలాగా ఆర్నెల్లు ఎక్సర్‌సైజులు చేస్తూ కూర్చోకూడదు కదా, అదే భయం, అందరికీ ఒకే మందు పనిచెయ్యదు.

రిటైర్డ్_మాస్టారు

కుర్రాణ్ణి భయపెట్టేస్తున్నారు. రెండు వారాలు ఆ పొడి వాడి చూస్తే పోయేదేముంది? ఆయుర్వేదం కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు.

పలాస_రాజు

మాస్టారూ కోపం తెచ్చుకోకండి, ఏటంటే, పోయేది కిడ్నీలండి. మాది ఉద్దానం పక్క. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు డయాలసిస్ మీద ఉన్న ఊళ్లు మావి, మాకెందుకొచ్చిందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు, ఆ సంగతి పక్కన పెట్టండి, కానీ కిడ్నీ డాక్టర్లు మాకు మొదట చెప్పే మాట నొప్పి బిళ్లలు, నొప్పి సూదులు ముట్టుకోవద్దని. ఊళ్లో ఆరెంపీ దగ్గరికి నడుం నొప్పని వెళ్తే డైక్లోఫినాక్ సూది గుచ్చి పంపేస్తాడు, కొబ్బరి చెట్టెక్కే వాళ్లయితే వారానికి రెండు మూడు సార్లు గుచ్చించుకుంటారు. పేరు లేని పొడుల్లో, ఉండల్లో స్టెరాయిడ్ కలిపేస్తారు చాలామంది, అందుకే వారంలో మాయం అవుద్ది. మొహం గుండ్రంగా ఉబ్బుద్ది, షుగర్ వచ్చేస్తుంది, మధ్యలో ఆపేస్తే మనిషి కుప్పకూలిపోతాడు. తైలం రాసుకోండి ఎవరొద్దన్నారు, మా అమ్మకీ నేనే రాస్తాను. లేబుల్ లేనిది నోట్లో వేసుకోవద్దు అంతే.

లలిత_ఆర్ (రాజమండ్రి)

పలాస రాజు గారు స్టెరాయిడ్ అన్నారు కాబట్టి నా సంగతి చెప్పాలి, ఇది తుంటి నొప్పి వాళ్ల కోసం. నాకు చర్మం సమస్యకి చాలాకాలం స్టెరాయిడ్ బిళ్లలు వాడించారు. ఆ తర్వాత ఏడాదికి నడుం నొప్పి అనుకుని తిరిగాను, నడుముకే ఎక్స్‌రే, నడుముకే ఎమ్మారై, నడుముకే ఎక్సర్‌సైజులు. నిజానికి నాకు నొప్పి గజ్జలో మొదలై తొడ ముందు వైపు నుంచి మోకాలి దాకా వచ్చేది, ముగ్గు వేయడానికి కూర్చుంటే లేవలేను, బాసింపట్టు అసలు పడదు, ఆటో ఎక్కేటప్పుడు కాలు చేత్తో ఎత్తి పెట్టుకునేదాన్ని. చివరికి ఒక కుర్ర డాక్టర్ నన్ను పడుకోబెట్టి మోకాలు మడిచి తొడని లోపలికి తిప్పాడు, అరిచేశాను. అప్పుడు తుంటికి ఎమ్మారై తీస్తే ఏవీఎన్, అంటే తొడ ఎముక పై గుండుకి రక్తం అందక లోపల చచ్చిపోతోందట. ఎక్స్‌రేలో మొదట్లో ఏమీ కనపడదట. రెండో వైపు నొప్పి లేకపోయినా అక్కడా మొదలైంది.

ఎడమ వైపు ఇంకా గుండు కుంగలేదు కాబట్టి కోర్ డీకంప్రెషన్ అని రంధ్రం వేసి ఒత్తిడి తగ్గించారు, అది నిలబడింది. కుడివైపు అప్పటికే అణిగిపోయింది, తుంటి మార్పిడి చేయించుకున్నాను. ఇప్పుడు బాగానే నడుస్తున్నా, కింద మాత్రం కూర్చోను. ఈ జబ్బు స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లకి, మద్యం ఎక్కువ తాగేవాళ్లకి, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నవాళ్లకి వస్తుందని చెప్పారు. కోవిడ్‌లో స్టెరాయిడ్లు పడిన వాళ్లు గజ్జలో నొప్పి వస్తే నడుం అనుకుని కూర్చోకండి.

సుబ్బు_భీమవరం

అక్కా వామ్మో. మా ఫ్రెండ్‌కి కోవిడ్ తర్వాత ఇలాగే కుంటుతున్నాడు, సయాటికా (నడుం నుంచి కాలికి దిగే నరం నొప్పి) అని చెప్పి బిళ్లలు వాడుతున్నాడు, ఈ పోస్ట్ వాడికి పంపిస్తున్నా.

తాడిపత్రి_లారీ

నాదీ రాస్తా అన్నా. నేను లారీ తోల్తా, పదహైదేండ్ల నుంచి. రోజంతా సీటు మీద ఎగిరి ఎగిరి నడుం పట్టేస్తాది, పండుకుంటే హాయి, పొద్దన్నే బాగుంటాది, సాయంత్రానికి చంపుతాది. అంటే తెనాలి అన్న చెప్పినదానికి రివర్సు. నాకేం చెప్తారు? బెల్ట్ కట్టుకోమన్నారు, కట్టుకుని తోల్తాండా.

ఫిజియో_బెజవాడ

అన్నా మీది బండి వల్ల వచ్చే నడుం నొప్పిలాగే ఉంది, దీన్ని మెకానికల్ అంటారు, నూటికి ఎక్కువ మందిది ఇదే. పడుకుంటే తగ్గి పని చేస్తే పెరిగేది. భయపడేది కాదు. బెల్ట్ సంగతి చెప్తాను, మా వాళ్లకే కోపం వస్తుంది అయినా చెప్తాను. 2023 డిసెంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ దీర్ఘకాల నడుం నొప్పి మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా ఇవ్వొద్దు అనే జాబితాలో ఉన్నాయి. మన ఊళ్లలో ప్రతి క్లినిక్‌లో ఆ ట్రాక్షన్ మంచం లేకపోతే ఫిజియో సెంటర్ అని ఎవరూ నమ్మరు! గుంతల రోడ్డు మీద వెళ్లేటప్పుడు రెండు గంటలు కట్టుకుంటే తప్పేం లేదు, రోజంతా మాత్రం దాన్నే నమ్ముకుని ఉండొద్దు.

మీరు చెయ్యాల్సింది: ప్రతి రెండు గంటలకి బండి ఆపి దిగి ఐదు నిమిషాలు నడవండి. దిగిన వెంటనే బరువు ఎత్తకండి, తార్పాలిన్ లాగడం లాంటివి కాస్త ఆగి చేయండి. రాత్రి పడుకునేముందు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకి లేపడం, రెండు చేతులు, మోకాళ్లు నేలకి ఆనించి వీపు పైకి వంచి కిందకి దించడం, అలాగే ఉండి ఒక చెయ్యి దానికి ఎదురు కాలు చాపడం, ఇవి మూడూ చాలు, నెలా రెండు నెలలు మానకుండా. సీటు వెనక నడుం ఒంపులో దుప్పటి చుట్టి పెట్టుకోండి. సిగరెట్ ఉంటే తగ్గించండి, డిస్క్‌కి అది మంచిది కాదు.

తాడిపత్రి_లారీ

బీడీ అన్నా.

ఫిజియో_బెజవాడ

బీడీ కూడా అన్నా 😀

పనిలో పని, కింద చెప్పినవి ఉంటే మాత్రం మెకానికల్ అనుకుని ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు. మూత్రం రాకపోవడం లేక తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ కూర్చునే చోట స్పర్శ లేకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, ఇవి ఉంటే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి, గంటలు లెక్క. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే వెన్నెముక టీబీ చూడాలి, మన దేశంలో అది తక్కువేం కాదు, దగ్గు లేకుండా ఒట్టి నడుం నొప్పితోనే వస్తుంది. ఒకప్పుడు క్యాన్సర్‌కి వైద్యం అయినవాళ్లకి కొత్తగా నడుం నొప్పి వచ్చినా, పెద్దవాళ్లు చిన్నగా జారిపడి నొప్పి తగ్గకపోయినా ఆగొద్దు.

మర్రిగూడ_యాదగిరి (నల్లగొండ)

మా దిక్కు సంగతి ఎవ్వరూ చెప్తలేరు. మా నాయినకి నడుం, మెడ బిగుసుకుపోయి ఎనకకి తిరగాల్నంటే మనిషి మొత్తం తిరగాలె. హైదరాబాద్‌ల ఒక డాక్టర్ ఈ వెన్ను_నిటారు అన్న చెప్పిన జబ్బే అన్నడు, అయితే ఇంకొకాయన ఎక్స్‌రే జూసి ముంజేయి ఎక్స్‌రే కూడా తీయించిండు, రెండు ఎముకల నడిమిట్ల పొర గట్టిపడి సున్నం పేరింది. ఫ్లోరోసిస్ అన్నడు. మా ఊరి బోరు నీళ్లు తాగి తాగి వచ్చింది. నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటొద్దు, ఇంకో నీళ్లు లేకుంటే 1.5 దాకా సరే అంటరు, మా బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండె. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నయి కానీ పాత ఎముకలు కొత్తగ కావు కదా. నల్లగొండ, ప్రకాశం దిక్కు పెద్దమనుషులకి నడుం పట్టేస్తే నీళ్ల సంగతి డాక్టర్‌కి చెప్పుండ్రి, వాళ్లు అడగరు.

రిటైర్డ్_మాస్టారు

యాదగిరి గారూ, కరెక్ట్. మా ప్రకాశం జిల్లాలోనే, ఆ ప్రాంతం అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉండేది, 1937లో మన దేశంలో మొట్టమొదట ఈ జబ్బు గురించి రాశారు. నేను పొదిలి దగ్గర స్కూల్లో పనిచేసేటప్పుడు పిల్లల పళ్లు పసుపు చారలతో ఉండేవి, నడుములు వంగిన పెద్దవాళ్లు అరుగుల మీద ఉండేవారు, అది వయసు వల్ల అనుకునేవారు.

కవిత_ఎన్

మాస్టారూ ఇంత తెలిసి ఆ పొడి అడ్రస్ ఇస్తానంటారేంటండీ 🙏

రిటైర్డ్_మాస్టారు

పొడి సంగతి వదిలెయ్యమ్మా. తైలం మాత్రం వదలను.

తెనాలి_కుర్రోడు

అప్‌డేట్. రుమటాలజిస్ట్‌ని కలిశాను. ముందు కింద చూపించి వంగమన్నారు, నడుం మీద రెండు చోట్ల పెన్నుతో గీత పెట్టి వంగినప్పుడు ఎంత సాగుతోందో టేపుతో కొలిచారు, గోడకి ఆనించి తల వెనక ఎంత గ్యాప్ ఉందో చూశారు, ఊపిరి పీలిస్తే ఛాతీ ఎంత విచ్చుకుంటుందో కొలిచారు. కన్ను, మడమ, మామయ్య, పంటి బిళ్లలు అన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లాను ఫిజియో గారు చెప్పినట్టు, ఆయన ఆ కాగితం తీసి ఫైల్‌లో పెట్టుకున్నారు. సీఆర్పీ (ఒంట్లో వాపు ఉందా అని చూసే రక్త పరీక్ష) కొంచెం ఎక్కువ. హెచ్ఎల్ఏ-బి27 అని ఈ జబ్బుతో ముడిపడిన జన్యువు టెస్ట్ నెగెటివ్ వచ్చింది. పాత ఎముకల డాక్టర్‌కి ఫోన్ చేస్తే నెగెటివ్ కదా, నీకా జబ్బు లేదు, డిస్కే అన్నారు. రెండు రోజులు మళ్లీ పిచ్చెక్కింది.

వెన్ను_నిటారు

ఆ టెస్ట్ ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ తేల్చరాదు అన్నా. అది జన్యువు. పాజిటివ్ ఉన్నోళ్లల్ల చాలామందికి జీవితంల ఈ జబ్బే రాదు, నెగెటివ్ ఉన్నోళ్లల్ల కొందరికి వస్తది. సాక్రోఇలియాక్ కీళ్లకి ఎమ్మారై తీసిండ్రా? నీ పాత నడుం ఎమ్మారైల ఆ కీళ్లు సరిగ్గ పడవు, వేరేగ తీయాలె.

తెనాలి_కుర్రోడు

తీశారు, ఇవాళే రిపోర్ట్ వచ్చింది. ఎస్‌టీఐఆర్ అని ఒక రకం సీక్వెన్స్‌తో. రెండు వైపులా కీళ్ల పక్కన ఎముక మూలుగలో వాపు ఉంది అని రాశారు, కుడివైపు ఎముక అంచు కొంచెం కొరికేసినట్టు ఉందని కూడా. ఆయన బొమ్మ చూపించి చెప్పారు, నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మెరుస్తోంది. ఎక్స్‌రేలో ఇది కనపడడానికి ఇంకా ఏళ్లు పట్టేదట. డిస్క్ బల్జ్ ఉంది కానీ అది ఏ నరాన్నీ నొక్కట్లేదు, దానికి ఆపరేషన్ చేసినా ఈ నొప్పి పోయేది కాదు అన్నారు. నాప్రాక్సెన్ రోజూ రెండు పూటలా రాశారు, కడుపు కోసం ఇంకో బిళ్ల, నెలకోసారి క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చూపించుకోమన్నారు. నొప్పి ఉన్నప్పుడే వేసుకోవాలా రోజూ వేసుకోవాలా అంటే ప్రస్తుతానికి రోజూ అన్నారు. బ్యాడ్మింటన్ మళ్లీ మొదలుపెట్టమన్నారు!! ఈత అయితే ఇంకా మంచిదట.

పలాస రాజు గారూ మీ పోస్ట్ గుర్తొచ్చి ఆయన్ని కిడ్నీ గురించి రెండుసార్లు అడిగాను, నవ్వారు. మీ మాట నిజమే, కానీ మీకిది వాపుని తగ్గించే అసలు మందు, టెస్టులు చూస్తూ ఇస్తాం, మెడికల్ షాపులో కొనుక్కునేదానికీ దీనికీ అదే తేడా అన్నారు.

పలాస_రాజు

సరిగ్గా చెప్పారు డాక్టరు గారు. నీళ్లు బాగా తాగు తమ్ముడూ, క్రియాటినిన్ మాత్రం ఎగ్గొట్టకు.

డల్లాస్_పద్మ

అమ్మకి చెప్పావా నాన్నా? ముందు అది చెయ్యి. కాలు పడిపోదని చెప్పు.

తెనాలి_కుర్రోడు

చెప్పా అక్కా. ఇప్పుడు ఆవిడ భయం మామయ్యలాగా వంగిపోతావా అని. డాక్టర్ అన్నది ఏంటంటే ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అణచిపెట్టి ఉంచగలం, ఈ రోజుల్లో తొందరగా పట్టుకుని మందులు, వ్యాయామం సరిగ్గా నడిపితే చాలామంది మామూలుగానే బతుకుతున్నారు అన్నారు. మామయ్యని కూడా తీసుకురమ్మన్నారు. నాన్నని ఒప్పించడమే కష్టం, సంబంధాల వాళ్లకి చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ, నేనైతే చెప్పాలనే అంటున్నా.

సుబ్బు_భీమవరం

చెప్పెయ్ బ్రో. దాచిపెట్టి పెళ్లి చేసుకుంటే అది నడుం నొప్పి కన్నా పెద్ద నొప్పి.

శైలజ_కడప

నమస్తే అండీ, కొత్తగా చేరాను. నాకు తుంటి పక్కన బయటి ఎముక మీద నొప్పి, ఆ పక్కకి తిరిగి పడుకుంటే అసలు నిద్ర ఉండదు, మెట్లెక్కితే ఎక్కువ. 52 ఏళ్లు. గజ్జలో ఏమీ లేదు. పైన చదివి ఏవీఎన్ ఏమో అని భయమేస్తోంది.

ఫిజియో_బెజవాడ

అమ్మా, బయటి ఎముక మీద నొక్కితే నొప్పి, ఆ పక్కకి పడుకుంటే నొప్పి, గజ్జలో లేదు అంటే చాలావరకు అది తుంటి పక్క కండరాలు ఎముకకి అంటుకునే చోట వచ్చేది, మీ వయసు ఆడవాళ్లలో చాలా ఎక్కువ చూస్తాం. కీలు లోపలిది కాదు. ఒకసారి డాక్టర్‌తో పరీక్ష చేయించుకోండి, అంతవరకు రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని వేరే పక్కకి పడుకోండి, కాలు మీద కాలు వేసుకుని కూర్చోవద్దు, ఒంటికాలి మీద బరువు వేసి వంటింట్లో నిలబడొద్దు. మెల్లగా పిరుదు కండరాల బలం పెంచే వ్యాయామాలు చేస్తే తగ్గుతుంది, నెలలు పడుతుంది.

శైలజ_కడప

ఒంటికాలి మీద నిలబడే అలవాటు నాకు చిన్నప్పటి నుంచి ఉంది సార్ 🙈 థాంక్స్.

తెనాలి_కుర్రోడు

నాప్రాక్సెన్ మొదలుపెట్టాక తెల్లవారుజామున లేవడం చాలా తగ్గింది. పూర్తిగా కాదు, చలి పెరిగితే బిగుతు ఉంటుంది. చాలకపోతే ఇంకో రకం నొప్పి బిళ్ల మార్చి చూస్తాం, అదీ చాలకపోతే బయోలాజిక్ ఇంజెక్షన్ (వాపు పుట్టించే పదార్థాన్ని అడ్డుకునే మందు) అన్నారు. వరంగల్ అన్నా, నువ్వు ఆ ఇంజెక్షన్ మీదే ఉన్నావా? ఖర్చు ఎలా? భయం లేదా?

వెన్ను_నిటారు

ఉన్న అన్నా. అడలిముమాబ్ 40 మిల్లీగ్రాములు, పదిహేను రోజులకి ఒకసారి, నేనే పొట్ట మీద గుచ్చుకుంట. మొదట్ల విదేశీది మస్తు పిరమే ఉండె, 2014 చివర్ల మన దేశంల తయారైన బయోసిమిలర్, అంటే దాని లెక్కనే పనిచేసే మందు వచ్చింది, తర్వాత ఇంకా కంపెనీలు వచ్చినయి, పోటీకి రేటు దిగింది. అయినా చిన్న ఖర్చు కాదు. ఇన్సూరెన్స్‌లో కొన్నిట్ల డే కేర్ కింద ఇస్తరు కొన్నిట్ల ఇయ్యరు, పాలసీ కాగితం చూస్కో. ఆసుపత్రిల ఆరోగ్యశ్రీ సంగతి చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్ కాడ కూడా అడుగు. మొదలుపెట్టేముందు టీబీ టెస్టులు, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ అన్నీ చూస్తరు, ఎందుకంటే లోపల దాక్కున్న టీబీ దీనితోని లేస్తది. జ్వరం ఉన్న వారం గుచ్చుకోవద్దు, ముందు డాక్టర్‌ని అడగాలె. ఇంజెక్షన్ పడ్డా వ్యాయామం మానొద్దు, నేను మానిన నెలల తేడా తెలిసింది.

డల్లాస్_పద్మ

ఫ్రిజ్‌లో పెట్టాలి కదా అది? ఇండియా వచ్చినప్పుడు మా ఆడపడుచు దానితోనే తంటాలు పడింది.

వెన్ను_నిటారు

ఫ్రిజ్‌ల కింద అరల, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. డీప్ ఫ్రీజర్‌ల పెట్టరాదు, గడ్డకడితే పారేయాలె. ఊరికి పోయేటప్పుడు నేను మెడికల్ షాపు నుంచి థర్మకోల్ డబ్బా, జెల్ ప్యాకులు తీస్కపోత, ప్యాకు సిరంజికి ఆనకుండ నడుమ బట్ట పెడ్త. డబ్బా బస్సు కింద డిక్కీల ఎయ్యకుండ ఒళ్ల పెట్టుకోవాలె, ఎండకాలం ఆ డిక్కీ కాలుతది. ఇంట్ల కరెంట్ పోతే ఫ్రిజ్ తలుపు తీయొద్దని అందరికీ చెప్పి పెట్టుకో.

తెనాలి_కుర్రోడు

సంక్రాంతికి తెనాలి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు మామయ్యని హైదరాబాద్ తీసుకొస్తున్నా, ఒప్పుకున్నాడు. వచ్చే నెల రివ్యూ ఉంది, సీఆర్పీ, క్రియాటినిన్ రిపోర్టులు వచ్చాక ఇక్కడ పెడతాను.